దోషం ఇంటిదా, కట్టినవారిదా?

ఇల్లు అమ్మదలచినవారికి పురపాలక సంఘం అనుమతుల విషయంలో ఎదురయ్యే చిక్కులను లోకం కార్యాలయాల జాప్యంగానో, కాగితాల కొరతగానో మాత్రమే చూస్తుంది గాని, ఆ చిక్కుల అడుగున ధర్మశాస్త్రకారులూ మీమాంసకులూ రోమను న్యాయవేత్తలూ వేర్వేరు కాలాల్లో తర్కించిన ఒక పాత ప్రశ్న ఉన్నది. ఒక కట్టడం నియమాన్ని అతిక్రమించి లేచినప్పుడు ఆ దోషం కట్టిన మనిషిని అంటి ఉంటుందా, కట్టడాన్నే అంటి ఉంటుందా అన్నది ఆ ప్రశ్న. మనిషిని అంటినదైతే ఇల్లు చేతులు మారినంత మాత్రాన అది కొన్నవారి మీదికి పోకూడదు. ఇంటిని అంటినదైతే ఎన్ని చేతులు మారినా, ఎంత రుసుము చెల్లించినా, ఇంటిని సరిదిద్దేవరకు అది తొలగకూడదు. నేటి అనుమతుల వ్యవస్థ ఈ రెండు దోషాలనూ కలగలిపి, మనిషి దోషాన్ని ఇంటికి అంటగట్టి, ఇంటి దోషాన్ని డబ్బుతో కడిగివేస్తున్నది. అమ్మేవారు పడే యాతనలో అధిక భాగానికి మూలం ఈ కలగాపులగంలోనే ఉన్నది.

ప్రశ్న తాత్వికమే అయినా అది తలెత్తే చోటు అతి లౌకికమైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో ఒక పాత ఇల్లు బేరానికి వచ్చిందంటే, ఆస్తి ఎవరి నుంచి ఎవరికి సంక్రమించిందో వరుసగా చూపే లింకు డాక్యుమెంట్లు, దాని మీద నమోదైన క్రయాలనూ తాకట్లనూ తెలిపే ఈసీ, పురపాలక రికార్డులో యజమాని పేరు మారిందని చెప్పే మ్యుటేషన్ ఉత్తర్వు, పన్ను రశీదు, మంజూరైన ప్లాను, ఆ ప్లానుకు లోబడే కట్టారని పరిశీలించి కాపురానికి అనుమతిస్తూ ఇచ్చే ఓసీ, అనగా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అన్నీ ఒక్కసారిగా కావలసి వస్తాయి. ఇల్లు కడుతున్నప్పుడు వీటిలో చాలావాటిని గట్టిగా అడిగినవారు ఉండరు. కొనేవారికి అప్పిచ్చే బ్యాంకు తరఫు న్యాయవాది దస్తావేజులు తిరగేసే నాటికి, అంటే ఎన్నో ఏళ్ల తరువాత, ప్లానులో లేని పై అంతస్తు, పక్కింటికీ రోడ్డుకూ వదలవలసిన ఖాళీ జాగాలోకి, అంటే సెట్‌బ్యాక్‌లోకి జరిగిన గోడ, పట్టణ ప్రణాళికా శాఖ ఆమోదం లేకుండా కేవలం పంచాయతీ సంతకంతో వెలసిన లేఔట్ ఒక్కొక్కటిగా బయటపడతాయి. అప్పుడు అమ్మేవారికి మిగిలే దారి క్రమబద్ధీకరణ, అంటే జరిగిపోయిన అతిక్రమణను రుసుము తీసుకొని సక్రమమైనదిగా నమోదు చేసే ఏర్పాటు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర భవనాలకు బీపీఎస్, లేఔట్లకు ఎల్ఆర్ఎస్ అనే పథకాలు జంటగా వచ్చాయి. 2015లో రెండు రాష్ట్రాలూ భవనాల పథకాలను మళ్లీ విడివిడిగా తెచ్చాయి, వాటిలో తెలంగాణ పథకం హైకోర్టు వ్యాజ్యంలో ఆగింది. 2020లో తెలంగాణ ఎల్ఆర్ఎస్‌ను తిరిగి ప్రకటించినప్పుడు సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో ఆమోదం లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు నిలిపివేసి, ఒకసారి రిజిస్ట్రేషన్ అయినవాటికి డిసెంబరులో సడలింపు ఇచ్చారు గాని, ఆ నాలుగు నెలల్లో కూతురి పెళ్లికో వైద్యానికో ప్లాటు అమ్ముకోవలసినవారు తాము చేయని తప్పుకు చేతులు కట్టుకొని కూర్చోవలసి వచ్చింది.

ఈ స్థితికి సరిగ్గా సరిపోయే వ్యాజ్యం ఒకటి ప్రాచీన రోములో నడిచింది. కర్తవ్యాలను గురించి సిసెరో క్రీ.పూ. 44లో రాసిన గ్రంథపు మూడవ భాగంలో దాని వివరాలున్నాయి. రోములో ఆగర్లు అనే పురోహితులు కోటగుట్ట మీద నిలబడి ఆకాశాన్ని, పక్షుల గమనాన్ని పరిశీలించి రాజ్యకార్యాలకు శకునం చెప్పేవారు. ఆ చూపుకు కేలియన్ కొండ మీద ఉన్న తిబేరియస్ క్లాడియస్ సెంతుమాలస్ ఇంటి ఎత్తు అడ్డు వస్తున్నదని, అడ్డుగా ఉన్న భాగాలను పడగొట్టమని వారు ఆజ్ఞాపించారు. క్లాడియస్ పడగొట్టలేదు, ఇల్లు అమ్మకానికి పెట్టి, ఆజ్ఞ సంగతి చెప్పకుండా పబ్లియస్ కల్పూర్నియస్ లనారియస్ అనే ఆయనకు అమ్మివేశాడు. ఆగర్లు కొన్నవానికీ అదే ఆజ్ఞ ఇచ్చారు. కల్పూర్నియస్ పడగొట్టిన తరువాత, అమ్మకానికి ముందే ఆజ్ఞ వెలువడిందని తెలుసుకొని మధ్యవర్తి ముందుకు వెళ్లాడు. తీర్పు చెప్పినవాడు మార్కస్ కేటో, సీజరును ఎదిరించి మరణించిన కేటోకు తండ్రి. అమ్మేటప్పుడు ఆ సంగతి తెలిసి కూడా చెప్పలేదు కనుక కొన్నవానికి కలిగిన నష్టాన్ని అమ్మినవాడే పూడ్చాలని ఆయన తీర్పు.

ఆ తీర్పు సూక్ష్మత గమనించదగినది. కల్పూర్నియస్ ఏ తప్పూ చేయకపోయినా ఇంట్లో అడ్డుగా ఉన్న భాగం మాత్రం కూలవలసే వచ్చింది, ఎందుకంటే ఆకాశానికి అడ్డు నిలిచినది ఇంటి ఎత్తు, ఆ ఎత్తు యజమాని మారినా మారలేదు. కాని ఆజ్ఞను దాచడమనే తప్పు ఇంటితోపాటు కొన్నవానికి సంక్రమించలేదు; దాచినవాని దగ్గరే మిగిలింది, ఖర్చు రూపంలో అతని దగ్గరికే తిరిగి వచ్చింది. వస్తువుకు చెందినది వస్తువుతో వెళ్లింది, మనిషికి చెందినది మనిషితో ఉండిపోయింది. అదే గ్రంథంలో స్టోయిక్ తాత్వికులైన బాబిలోనియా డయోజినీసు, ఆంటిపాటరు ఇల్లు అమ్మేవాని గురించి పడిన వాదం కూడా ఉన్నది. ఆరోగ్యానికి హాని చేసే ఇంటిని అమ్మేవాడు ఆ లోపాన్ని నోరు తెరిచి చెప్పాలా అంటే, కొనమని ఎవరూ బలవంతపెట్టలేదు గనుక మౌనం దాచడం కాదని డయోజినీసు, దారి తప్పినవానికి దారి చూపకపోవడంతో సమానమని ఆంటిపాటరు అన్నారు. సిసెరో ఆంటిపాటరు పక్షం వహించాడు. భారత ఆస్తి బదిలీ చట్టం (1882) 55వ సెక్షను కూడా, వేరే ఒప్పందం లేనప్పుడు, అమ్మేవారికి తెలిసి కొనేవారికి తెలియని, మామూలు జాగ్రత్తతో పసిగట్టలేని ముఖ్య లోపాన్ని చెప్పి తీరాలని శాసిస్తుంది. యాజ్ఞవల్క్య స్మృతి లోపమున్నదాన్ని లోపం లేనట్టు అమ్మినవానికి వెలకు రెట్టింపు దండుగ విధించింది. ఇస్లామీయ ధర్మశాస్త్రం దాగిన లోపం బయటపడినప్పుడు బేరాన్ని రద్దు చేసుకొనే స్వేచ్ఛను కొన్నవారికి ఇచ్చింది. ఇన్ని సంప్రదాయాలు ఇంత దూరాల నుంచి ఒకే చోటికి చేరడం యాదృచ్ఛికం కాదు.

మనిషికీ వస్తువుకూ మధ్య ఈ విభజనను సిద్ధాంతంగా కట్టినది మీమాంస. వేదవాక్యాల అర్థనిర్ణయానికి పుట్టిన ఈ శాస్త్రం విధులను రెండుగా చూస్తుంది: యజ్ఞానికి అంగమై, తప్పితే యజ్ఞాన్నే చెడగొట్టేది క్రత్వర్థం, మనిషి ప్రయోజనం కోసం ఏర్పడి, తప్పితే మనిషిని దోషిని చేసేది పురుషార్థం. జైమిని సూత్రాల నాలుగవ అధ్యాయంలో, లిప్సాసూత్రమని పేరుపొందిన చోట, ధనార్జనకు శాస్త్రం పెట్టిన నియమాలు ఈ రెండింటిలో దేనికి చెందుతాయన్న చర్చ వస్తుంది. అవి క్రత్వర్థాలైతే నియమం తప్పి ఆర్జించిన ధనం ధనమే కాదు, దానితో చేసిన యజ్ఞం యజ్ఞమే కాదు. పురుషార్థాలైతే నియమం తప్పినవానికి పాపం తగులుతుంది గాని ధనం అతనిదే అవుతుంది, యజ్ఞమూ నిలుస్తుంది. సిద్ధాంతం రెండవదే. కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలంలో యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు ఈ సూత్రాన్నే ఆధారంగా చేసుకొని, స్వత్వం, అంటే ఒక వస్తువు ఒకరిదని అనిపించుకొనే సంబంధం, శాస్త్రం పుట్టించినది కాదనీ, లోకవ్యవహారం నుంచే తెలిసేదనీ నిర్ణయించాడు. పదమూడవ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమనే పేరుతో ఈ గ్రంథ విషయాలను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు గనుక తెలుగువారి న్యాయభావనకు ఈ చర్చ పరాయిది కాదు.

స్వత్వం లౌకికమైతే అమ్మకానికి ఊరి అనుమతి ఎందుకు? విజ్ఞానేశ్వరుడు ఈ ప్రశ్నను దాటవేయలేదు. భూమి చేతులు మారడానికి గ్రామస్థుల, జ్ఞాతుల, పొరుగువారి, దాయాదుల సమ్మతి కావాలని చెప్పే స్మృతివచనం ఆయన ముందున్నది. దాన్ని ఆయన అక్షరాలా పట్టుకొని, సమ్మతి లేని అమ్మకం చెల్లదని తీర్పు ఇచ్చి ఉండవచ్చు; ఇవ్వలేదు. గ్రామ సమ్మతి వ్యవహారం పదిమందికీ తెలియడం కోసమనీ, అది లేనంత మాత్రాన అమ్మకం జరగనట్టు కాదనీ, పొరుగువారి సమ్మతి సరిహద్దు తగవు రాకుండా ఉండటం కోసమనీ, విడిపోయిన దాయాదుల సమ్మతి వారు విడిపోయారా లేదా అనే సందేహం తొలగించడం కోసమనీ ఒక్కొక్క దానికీ ప్రయోజనం చూపించాడు. ఊరు ఇక్కడ సాక్షి, యజమాని కాదు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తమిళనాడు రిజిస్ట్రేషన్ నియమాల్లోని 55-ఎ నియమపు మొదటి భాగాన్ని కొట్టివేస్తూ, అమ్మేవారికి హక్కు ఉన్నదో లేదో తేల్చడం సబ్ రిజిస్ట్రారు పని కాదని చెప్పినప్పుడు, తొమ్మిది వందల ఏళ్ల కిందటి ఆ వ్యాఖ్యానాన్ని తలవకుండానే అదే గీతను మళ్లీ గీసింది. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం నిర్ణీత గడువులో కార్యాలయం జవాబు ఇవ్వకపోతే నిర్మాణానికి అనుమతి వచ్చినట్టే భావించాలన్నది కూడా ఈ దృష్టికి దగ్గరిదే, ఎందుకంటే సాక్షి మౌనాన్ని అంగీకారంగా తీసుకోవచ్చు. అదే రాష్ట్రంలో అదే ఏడాది వెయ్యి రూపాయలు చెల్లించి ఎల్ఆర్ఎస్‌కు దరఖాస్తు పెట్టినవారిలో చాలామంది 2025లో 25 శాతం రాయితీ ప్రకటన వచ్చేదాకా జవాబు లేకుండా వేచి ఉన్నారు. అక్కడ మౌనం అంగీకారం కాలేదు, అడ్డుగోడ అయింది. సాక్షిగా ఉండవలసిన ఊరు యజమానిలా ప్రవర్తించడమంటే ఇదే, దీన్ని అధర్మమనడానికి వెనుకాడనక్కరలేదు.

అయితే పురపాలక సంఘాన్ని కేవలం సాక్షి అనడం పూర్తి సత్యం కాదు. సెట్‌బ్యాక్ వదలమనే నియమం అగ్నిమాపక వాహనం లోపలికి రావడానికి, పొరుగింటికి గాలీ వెలుతురూ అందడానికి, వాననీరు ఇంకడానికి పుట్టినది. అది క్రత్వర్థం వంటిది, తప్పితే ఇల్లు ఇల్లుగా చేయవలసిన పనే చెడుతుంది. అనుమతి అడగకపోవడం, ప్లాను సమర్పించకపోవడం, గడువు దాటడం వంటివి పురుషార్థాలు. కట్టినవానికి దండుగ వేయవలసిన విషయాలే గాని, దృఢంగా, నియమిత దూరంలో నిలిచిన గోడ వాటివల్ల బలహీనం కాదు. క్రమబద్ధీకరణ పథకాలు ఈ రెంటికీ ఒకే మందు రాస్తున్నాయి. తెలంగాణ ఎల్ఆర్ఎస్‌లో, లేఔట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలని చోట ప్లాటు యజమాని ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలపు రుసుముగా చెల్లించాలి. స్థలాన్ని మిగుల్చుకొని అమ్ముకున్నది లేఔట్ వేసినవాడు. చెల్లిస్తున్నది, పదేళ్ల తరువాత ప్లాటు అమ్మబోయే గుమాస్తానో ఉపాధ్యాయురాలో. చెల్లించిన తరువాత కూడా ఆ కాలనీ పిల్లలకు ఆడుకొనే చోటు ఉండదు. మనిషి దోషానికి వేరే మనిషి దండుగ కట్టడం, వస్తువు దోషం వస్తువులోనే మిగిలిపోవడం, రెండూ ఒకే రశీదులో జరిగిపోతున్నాయి.

క్రమబద్ధీకరణను సమర్థించేవారు దాన్ని ప్రాయశ్చిత్తంతో పోల్చవచ్చు, ఆ పోలికను కాదనవలసిన పని లేదు గాని, ప్రాయశ్చిత్తం గురించి శాస్త్రం చెప్పినది పూర్తిగా వినవలసి ఉంటుంది. యాజ్ఞవల్క్యుని ప్రకారం తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో పోతుంది. తెలిసి చేసినవాడు వ్యవహార్యుడు, అంటే ఇతరులు కలిసి మెలగదగినవాడు మాత్రమే అవుతాడు. ఈ భేదానికి విజ్ఞానేశ్వరుడిచ్చిన వివరణ ఎంతో లోతైనది. పాపానికి రెండు శక్తులున్నాయి, ఒకటి నరకాన్ని కలిగించేది, రెండవది లోకవ్యవహారాన్ని అడ్డుకొనేది. ప్రాయశ్చిత్తం మొదటిదాన్ని తొలగించలేని చోట కూడా రెండవదాన్ని తొలగించవచ్చు. బీపీఎస్ పత్రం చేసే పని సరిగ్గా ఈ రెండవదే. ఇల్లు ఇప్పుడు అమ్ముడుపోతుంది, బ్యాంకు అప్పిస్తుంది, మ్యుటేషన్ జరుగుతుంది, అది వ్యవహార్యమైంది. ఇరుకు మెట్లు ఇరుకుగానే ఉన్నాయి, నిప్పంటుకుంటే దిగవలసిన దారి మూసుకొనే ఉన్నది. మొదటి శక్తి చెక్కుచెదరలేదు. పథకాలు కొన్నేళ్లకొకసారి వస్తూనే ఉన్నప్పుడు మరొక విషయం కూడా తోడవుతుంది: అనుతాపం, మళ్లీ చేయనన్న సంకల్పం ప్రాయశ్చిత్తానికి ప్రాణం కాగా, రాబోయే పథకాన్ని లెక్కలో వేసుకొని అంతస్తు లేపేవానికి ఆ రుసుము ముందుగానే కలుపుకొన్న నిర్మాణ ఖర్చుగా మారిపోతుంది. నియమం ప్రకారం కట్టి, అంతస్తు తక్కువైనందుకు అద్దె కోల్పోయిన పక్కింటి వ్యక్తికి ఈ వ్యవస్థలో దక్కినదేమీ లేదు. ధర్మవిచారంలో అతని నష్టం ఎక్కడా లెక్కకు రాకపోవడం బాధాకరం.

దోషాన్ని కర్త దగ్గరే పట్టుకొనే ఏర్పాట్లు చట్టంలో లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి భవన నిర్మాణ నియమాలు ఒక పరిమాణం మించిన కట్టడాల విషయంలో నిర్మించే వైశాల్యంలో పది శాతాన్ని మంజూరు చేసే సంస్థకు హామీగా ఉంచి, ప్లాను ప్రకారం పూర్తి చేసి ఓసీ పొందిన తరువాతనే విడిపించుకోవాలన్నాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఓసీ పొందిన తరువాతనే భవనాన్ని కొన్నవారికి అప్పగించాలని, నీరు, విద్యుత్తు కనెక్షన్లు అప్పుడే ఇవ్వాలని, బ్యాంకులు అది చూసిన తరువాతనే అప్పివ్వాలని ఆదేశించింది. ఈ రెండూ తప్పు చేసినవాడు ఇంకా అక్కడే ఉండగా, ఇల్లు మరొకరి చేతికి పోకముందే అడుగుతాయి. కేటో తీర్పు చేసిన పనినే ముందుగా చేస్తాయి. అవి నిక్కచ్చిగా అమలైన చోట ఇరవై ఏళ్ల తరువాత అమ్మకానికి వచ్చిన ఇంటి గుమ్మంలో కొత్త ప్రశ్నలు పుట్టే అవకాశం తక్కువ.

అన్నిటికన్నా కఠినమైన సందర్భం కట్టినవారు మరణించిన తరువాతిది, పాత ఇళ్ల అమ్మకాల్లో ఇది తరచుగా ఎదురయ్యేది కూడా. తండ్రి కట్టిన ఇంటిని వేరే ఊళ్లలో, ఒక్కోసారి వేరే దేశాల్లో స్థిరపడిన పిల్లలు అమ్మి పంచుకోదలచినప్పుడు, ప్లానుకు మించిన గది తండ్రి ఎప్పుడు వేయించాడో కూడా వారికి తెలియదు. సెలవు పెట్టి వచ్చినవారు కార్యాలయం చుట్టూ తిరిగి, దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉండగానే తిరుగు ప్రయాణం కట్టవలసి వస్తుంది. విజ్ఞానేశ్వరుడు స్వత్వ విచారమంతా చేసి దాని ఫలమేమిటని అడిగి ఇచ్చిన జవాబు ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. నింద్యమైన మార్గంలో ఆర్జించినవానికే ప్రాయశ్చిత్తం. కొడుకులకు ఆ ధనం దాయంగా, అంటే వారసత్వంగా వచ్చినది, దాయం ధర్మబద్ధమైన మార్గం గనుక వారికి దోషం లేదు. యాజ్ఞవల్క్యుని ఋణప్రకరణం ఇంకొంచెం ముందుకు పోతుంది. తండ్రి అప్పును తీర్చడం కొడుకుకు విధి, అయినా తండ్రి చెల్లించకుండా మిగిల్చిన దండుగను, సుంకపు బకాయిని కొడుకు చెల్లించనక్కరలేదని ఆ ప్రకరణం స్పష్టంగా మినహాయించింది. ఈ న్యాయాన్ని పాత ఇంటికి అన్వయిస్తే, పెచ్చులూడి వీధి మీదికి ఒరిగిన పిట్టగోడను తొలగించే ఖర్చు వారసులది, ఇల్లు వారి చేతిలో ఉన్నది గనుక. ముప్పై ఏళ్ల కిందట తండ్రి అనుమతి అడగలేదన్నందుకు వేసే దండుగ వారిది కాదు. అటువంటి వారసుల నుంచి పురపాలక సంఘం న్యాయంగా కోరదగినవి మూడే: ఇల్లు ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుగా కొలిచి గీయించిన ప్లాను, అందులో ప్రాణానికి ముప్పు తెచ్చే భాగాల వివరం, ఆ రెంటినీ చూసి తెలిసే కొంటున్నానని కొనేవారు పెట్టిన సంతకం.